చీకటికి కూడా రేటుంటదా?

మా బాపు ఎక్కడికెళ్లినా మొదట అడిగేది రేటే. హైదరాబాద్‌లో నా రూమ్ చూడటానికి వచ్చినప్పుడు నేను ఎంత కడుతున్నానో చెప్పకపోతే, కిందికి దిగి వాచ్‌మన్‌తో బీడీ కాల్చి, మొత్తం అపార్ట్‌మెంట్ అద్దెలన్నీ కనుక్కొచ్చాడు. అందుకే పోయిన సంక్రాంతి తర్వాత తాడోబా అడవి పక్కన లాడ్జి బుక్ చేశాక నేను చేసిన మొదటి పని అబద్ధం చెప్పడం.

"ఆఫీసోళ్లు ఫ్రీగ ఇచ్చిన్రు బాపూ. మంచిగ పనిచేసినోళ్ల ఇంటోళ్లకు రెండు రాత్రులు."

"అట్లనా? మంచి కంపెనీ బిడ్డా," అన్నాడు బాపు.

అసలు రేటు రాత్రికి 22 వేలు. సఫారీ వేరే.

ఆఫీసులో ఎవరైనా మీదే ఊరని అడిగితే "జైపూర్" అంటాను. వెంటనే "ఓ, పింక్ సిటీ!" అంటారు. మా జైపూర్‌లో గులాబీ రంగు ఏమీ లేదు. మంచిర్యాల జిల్లా, గోదావరి ఒడ్డు. ఒకపక్క ఇందారం, శ్రీరాంపూర్ బొగ్గు గనులు, ఇంకోపక్క పెగడపల్లి దగ్గర సింగరేణి పవర్ ప్లాంటు. 600 మెగావాట్లవి రెండు యూనిట్లు, మొత్తం 1200. 2016లో ప్రధాని జాతికి అంకితం చేసింది దాన్నే. రాత్రయితే మా ఇంటి మిద్దె మీంచి చుక్కలు కనిపించవు, ప్లాంటు లైట్లు కనిపిస్తాయి. మా ఊళ్లో చీకటి నల్లగా ఉండదు, నారింజ రంగులో ఉంటుంది.

బాపు 30 ఏళ్లు బాయి పని చేశాడు. బాయి అంటే మీ ఊళ్లో నీళ్లుంటాయేమో, మా దగ్గర బొగ్గుంటుంది. భూమి కింది గని. మా చిన్నప్పుడు బాపుతో కలిసి ఎక్కడికీ పోయింది లేదు. దానికి కారణం ఒక్క మాట, ప్లేడే. బొగ్గు గనుల ఏరియాలో పెరిగినవాళ్లకు ఈ మాట తెలుసు. తెలియనివాళ్లకు చెప్తాను. ప్లేడే అంటే వారంలో సెలవు రోజు. ఆ రోజు డ్యూటీ చేస్తే డబుల్ జీతం. పేరులో ఆట ఉంది, చేసేది పని. ప్రతి ఆదివారం బాపు ప్లేడేకి పోయేవాడు. తమ్ముడి స్కూలు ఫీజు, నా ఇంజినీరింగ్ ఫీజు, అమ్మ చెవుల కమ్మలు అన్నీ ఆ ఆదివారాల్లోంచే వచ్చాయి.

ఒకే ఒక్క చోటికి తీసుకుపోతానని మాటిచ్చాడు. మా మండలంలోనే ఉన్న శివ్వారం. అక్కడ గోదావరిలో మొసళ్లుంటాయి. సుమారు 30 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది, మొసళ్ల కోసమే కట్టడి చేశారు. "వచ్చే ఆదివారం పోదాం" అనేవాడు. ఆదివారం పొద్దున లేచేసరికి చెప్పులు ఉండేవి కావు. "డ్యూటీ పడ్డదంట బిడ్డా, సారు రమ్మన్నడంట" అనేది అమ్మ. అలా నేను పదో తరగతి దాటిపోయాను, మొసళ్లను డిస్కవరీ చానల్లో చూసేశాను.

కాబట్టి లెక్క సింపుల్. ఇన్ని ఆదివారాలు మింగిన అప్పుకి రెండు రాత్రులు కడదామనుకున్నా.

*

జైపూర్ నుంచి మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్, వాంకిడి. అక్కడ రాష్ట్రం దాటితే రాజురా, తర్వాత వార్ధా నది, ఆ తర్వాత బల్లార్షా, చంద్రపూర్. తమ్ముడు కారు నడిపాడు. ఈ రూటు మనకే కాదు, పులులకు కూడా. తాడోబాలో జాగా చాలని పులులు నదులు దాటి కాగజ్‌నగర్ అడవుల మీదుగా మన కవ్వాల్ వైపు వస్తాయి. 2022 లెక్కల్లో మహారాష్ట్రలో 444 పులులుంటే తెలంగాణలో 21. అక్కడ కిక్కిరిసిపోతుంటే ఇటు రాక ఏం చేస్తాయి?

వచ్చినప్పుడు ఎదురయ్యేది మాత్రం టూరిస్టులు కాదు. 2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు, 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక యువతి పులి దాడిలో చనిపోయారు. కారు వాంకిడి దాటుతుంటే రోడ్డు పక్క చేలల్లో ఆడవాళ్లు పత్తి ఏరుతున్నారు. అమ్మ కిటికీలోంచి చూసి, "వాళ్లకు పులి కనవడొద్దని మొక్కుకుంటరు. మనం కనవడాల్నని పైసలు కడుతున్నం" అంది. వెంటనే నాలిక కరుచుకుని, "అదే, మీ ఆఫీసోళ్లు కడుతున్నరు" అంది. అమ్మకు నిజం తెలుసు. అమ్మకెప్పుడూ తెలుసు.

చంద్రపూర్ దాటి మొహర్లి రోడ్డెక్కాక అడవి వస్తుందనుకుంటే ఓబీ కుప్పలొచ్చాయి. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు మీదున్న మట్టినంతా తీసి పోస్తే అయ్యే గుట్టలు. బాపు ముందు సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. సొంతూరు చూసినట్టు ముఖం వెలిగింది.

"అరే, మన దగ్గరున్నట్టే ఉన్నయ్ కదరా!"

పక్కనే థర్మల్ స్టేషన్. 2900 మెగావాట్లకు పైనే. "మనదానికి రెండింతల మీద," అని లెక్క కట్టాడు బాపు. ఆ ప్లాంటు ఆవరణలోనే పులులు తిరుగుతాయి. 2022 ఫిబ్రవరిలో ఒక కార్మికుడు డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి పోతుంటే పులి చంపేసింది. ఫోన్‌లో చదివి వినిపించా. బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఏ షిఫ్టంట?"

*

లాడ్జి గురించి చెప్తాను. రిసెప్షన్‌లో చల్లటి బట్ట ఇచ్చి ముఖం తుడుచుకోమన్నారు. బాపు తుడుచుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకోబోతే తమ్ముడు ఆపాడు. కాటేజీలో రెండు రూములు, ముందు వరండా, వెనక అద్దాల గోడ, ఆరుబయట స్నానాల తొట్టి. ఆ తొట్టి చూసి అమ్మ, "గిట్ల బయట ఎవ్వలు తానం చేస్తరు బిడ్డా, కోతులు చూడవా?" అంది. కోతులు నిజంగానే చూస్తున్నాయి.

నెట్‌వర్క్ లేదు. టీవీ లేదు. రాత్రి 10 దాటితే బయటి లైట్లన్నీ ఆర్పేస్తారట. "చీకటినీ, నిశ్శబ్దాన్నీ ఆస్వాదించండి" అని ఒక కార్డు బల్ల మీద పెట్టారు. అది హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటే నేను తెలుగులో చదివి చెప్పా. బాపు పకపకా నవ్వాడు.

"చీకటికి కూడా రేటుంటదా? నాకు 30 ఏండ్లు కంపెనోళ్లే ఎదురు పైసలిచ్చిన్రు గద!"

అడవిలో మెత్తటి పరుపేసి పడుకోబెట్టే ఈ వ్యాపారం కొత్తదేం కాదు. 1932లో కెన్యాలో ట్రీటాప్స్ అని చెట్టు మీద లాడ్జి కట్టారు. 1952 ఫిబ్రవరిలో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ ఆ చెట్టెక్కి ఏనుగుల్ని చూస్తున్న రాత్రే లండన్‌లో ఆమె తండ్రి చనిపోయాడు. తను రాణినయ్యానని ఆమెకు తెలిసేసరికి గంటలు గడిచాయి. నెట్‌వర్క్ లేకపోవడం అంటే అది. మనమేమో వాట్సాప్ పది నిమిషాలు తెరుచుకోకపోతే మెడిటేషన్ అని పేరు పెడుతున్నాం.

సాయంత్రం చలిమంట దగ్గర టీ తెచ్చిన అన్న తెలుగులో పలకరించాడు. "మీది ఏ ఊరు కాకా?" బల్లార్షా మనిషి. వాళ్ల తాత కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గు పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడట. ఇంకేముంది, బాపు కుర్చీ అటు తిప్పుకున్నాడు. ఏ బాయి, ఏ సీము, ఎంత లోతు. 22 వేల లాడ్జిలో కూర్చుని ఇద్దరూ దిగుడు గురించే మాట్లాడుకున్నారు.

లైట్లు ఆర్పాక ఆకాశం ఒక్కసారిగా కిందికి దిగినట్టయింది. అమ్మ తలెత్తి, "అగో, పిల్లల కోడి!" అంది. చిన్న చుక్కల గుంపు. నాకు 28 ఏళ్లొచ్చాయి, దాన్ని మొదటిసారి చూడటం. మా మిద్దె మీంచి అదెప్పుడూ కనిపించలేదు.

*

సఫారీకి తెల్లవారకముందే రెడీగా ఉండాలన్నారు. నేను మూడు అలారాలు పెట్టుకున్నా. 4 గంటలకు లేచి చూస్తే బాపు స్నానం చేసి, మంకీ క్యాప్ పెట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని వరండాలో కూర్చున్నాడు. రిటైరై ఇన్నేళ్లయినా ఫస్ట్ షిఫ్ట్ ఒంట్లోంచి దిగలేదు. బల్లార్షా అన్న టీ తెచ్చి, "ఇంత పొద్దుగాల లేచిన గెస్టును నేను చూడలె," అన్నాడు.

టాపు లేని జిప్సీ. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. దుప్పట్లు, వేడినీళ్ల సంచులు ఇచ్చారు. ఫోన్లు రూములోనే వదిలెయ్యమన్నారు. గేటు దాటాక అరగంట జింకలు, అడవిపందులు, నెమళ్లు. ఒక మలుపు దగ్గర మెత్తటి మట్టిలో పులి అడుగులు. గైడ్ వంగి చూసి, రాత్రివేనని చెప్పాడు. డ్రైవర్ ముందుకు పోయి నీటి గుంట దగ్గర ఇంజన్ ఆపాడు.

ఇక మనం చేసే పని మీకు తెలిసిందే. నేను బైనాక్యులర్స్‌తో, తమ్ముడు నిలబడి, అమ్మ దేవుణ్ణి తలుచుకుంటూ, అందరం కళ్లు చించుకుని చూస్తున్నాం. బాపు ఒక్కడే కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడేమోనని మోచేత్తో పొడిచా.

"అటు గాదు," అన్నాడు కళ్లు తెరవకుండా. "ఎడమదిక్కు. ఏదో కదిలింది."

మేం నవ్వుకునేలోపే ఎడమవైపు చెట్ల మీంచి కొండముచ్చు ఖర్‌మని అరిచింది. వెంటనే జింక ఒకటి కుయ్‌మంది. పులినో చిరుతనో చూస్తే అవి అలా అరుస్తాయి. గైడ్ వెనక్కి తిరిగి బాపుని చూశాడు. ఇంట్లో అమ్మ మూడుసార్లు పిలిస్తే గానీ పలకని మనిషి మా బాపు.

పులి బయటికి రాలేదు. పావుగంట చూశాం. పొదల్లోనే ఎటో పోయింది. తమ్ముడి ముఖం చిన్నబోయింది. బాపు మాత్రం, "ఉన్నది గద. అది చాలు," అన్నాడు.

తిరుగుదారిలో తాడోబా చెరువు. ఒడ్డున ఎండ కాచుకుంటూ ఒక మొసలి పడుకుంది. జీపులన్నీ ఆగాయి. కెమెరాలు లేచాయి. గైడ్ హిందీలో మొసలి గురించి మంచి లెక్చర్ ఇచ్చాడు. అంతా విని బాపు నా వైపు వంగి గుసగుసగా అన్నాడు.

"గిదేనా? గివి మన శివ్వారంల లెవ్వా బిడ్డా?"

నేనేం మాట్లాడలేదు. బాపు కూడా అన్న తర్వాత చెరువు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇద్దరికీ ఒకే విషయం గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు.

*

మధ్యాహ్నం నేను నిద్రపోయి లేచేసరికి బాపు వంటగది వెనక బల్లార్షా అన్నతో కూర్చుని ఉన్నాడు. ఆ నడక చూసే అర్థమైంది, రేటు తెలిసిపోయిందని. పాపం ఆ అన్న తప్పేం లేదు. అడిగాడు, చెప్పాడు.

సాయంత్రమంతా బాపు మామూలుగానే ఉన్నాడు. అన్నం తిన్నాడు. గులాబ్ జామూన్ రెండోసారి వేయించుకున్నాడు, బహుశా రేటుకి తగ్గట్టు. లైట్లు ఆర్పాక వరండాలో నేనూ బాపూ మిగిలాం. తిడతాడని రెడీగా ఉన్నా. ఏం చెప్పాలో కూడా అనుకున్నా. నా జీతం, నా ఇష్టం, నీ కోసమే కదా, ఇవన్నీ.

"రాత్రికి 22 వేలంట గద," అన్నాడు.

"ఆఁ."

"ఆఫీసోళ్లు ఇయ్యలే."

"ఇయ్యలే బాపూ. చెప్తే నువ్వు రావు."

చీకట్లో బీడీ ముట్టించబోయి, ఆగి, జేబులో పెట్టుకున్నాడు. "నేను గూడ అబద్ధాలే చెప్పిన," అన్నాడు.

"ఏం అబద్ధం?"

"ప్లేడేలు. సారు రమ్మన్నడు, డ్యూటీ పడ్డదని మీ అమ్మతోని చెప్పేటోణ్ణి. ఏ సారు రమ్మనలే. నేనే పొయ్యి అడుక్కునేది. శనివారం నాడే పేరు రాయించుకునేది. మీతోని 'రేపు శివ్వారం పోదాం' అనంగనే పేరు రాసే ఉండె."

నాకు కోపం రావాలి కదా? రాలేదు. ఎందుకో ఆయన స్లిప్పర్లు గుర్తొచ్చాయి. తెల్లవారుజామున మేం లేవకుండా చేత్తో పట్టుకుని గడప దాటి వేసుకునేవాడట. అమ్మ ఎప్పుడో చెప్పింది.

"మరి పొద్దున అడవిల ఎట్ల వినవడ్డది నీకు?" అనడిగా, మాట మార్చడానికి.

అప్పుడు చెప్పాడు. 28 ఏళ్లలో ఆయన పని గురించి నేను అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో.

బొగ్గు తీసేటప్పుడు మధ్యమధ్యలో పిల్లర్లు వదిలిపెడతారు, పైనున్న బండను మోయడానికి. చివర్లో ఆ పిల్లర్లను కూడా తీసేస్తారు. తీశాక వెనక ఖాళీ అయిన జాగాలో బండ కూలాలి. కూలడమే మంచిది, కూలకుండా వేలాడితేనే భయం. ఎప్పుడు కూలుతుందో పసిగట్టి వెనక్కి రావడమే పని. టోపీ లైటు వెలుగు నాలుగడుగులు. ఆ తర్వాత కళ్లతో పని లేదు. బండను కర్రతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్ల చప్పుడొస్తే లోపల విడిపోయినట్టు. ఆనించిన కర్ర దిమ్మెలు బరువు పడ్డప్పుడు సన్నగా కిర్రుమంటాయి.

"ఇనుప దిమ్మె చెప్పదు బిడ్డా. కట్టె దిమ్మె చెప్తది. చచ్చిపోయే ముందు ఒక్క మాట చెప్పే చస్తది. ఆ మాట ఇన్నోడు ఇంటికొస్తడు."

ఒక రాత్రి అందరూ అన్నం డబ్బాలు విప్పుకుని కూర్చుంటే ఆ చప్పుడు విన్నాడట. లేవండి అన్నాడు. డబ్బాలు వదిలేసి వచ్చేశారు. వెనక బండ దిగింది. ఎవరికీ ఏం కాలేదు. "నా స్టీలు డబ్బా పోయింది," అన్నాడు. "కొత్త డబ్బా ఎందుకు కొన్నవని మీ అమ్మ తిట్టింది."

ఆ రోజు ప్లేడేనా అని అడగబోయి ఆగిపోయా. అడక్కపోవడమే మంచిదనిపించింది.

లాడ్జివాళ్లు కార్డు మీద రాసిన చీకటీ, నిశ్శబ్దం అప్పుడు మా చుట్టూ ఉన్నాయి. నాకవి ఆస్వాదించే వస్తువులు. బాపుకి 30 ఏళ్ల పనిముట్లు. ఆ తేడా నా ఇంజినీరింగ్ ఫీజంత ఉంది.

*

ఇది చదివి వెంటనే 22 వేల లాడ్జి బుక్ చేసుకోమని చెప్పను. వద్దని కూడా చెప్పను. బాత్‌టబ్ బాగుంది, అమ్మ రెండో రోజు కోతులకు భయపడటం మానేసింది. కానీ మీ బడ్జెట్ అంత లేకపోతే మన దగ్గరా దారులున్నాయి. మంచిర్యాల నుంచి జన్నారం పోతే కవ్వాల్. 2012లో టైగర్ రిజర్వ్ అయింది. టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, సఫారీ ఉంది. పులి కనిపిస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. జింకలు, అడవిదున్నలు, టేకు చెట్లు చాలనుకుంటే పోండి. తాడోబాకి పోవాలంటే మంగళవారం మూసేస్తారని గుర్తుంచుకోండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లను తీసుకుపోతే ఫోన్ పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడగండి, "నీ పని ఎట్లుండేది?" అని. దానికి నెట్‌వర్క్ లేని అడవే అక్కర్లేదు. నాకు అవసరమైంది, అది నా తెలివి.

తిరిగొచ్చాక తర్వాతి ఆదివారం శివ్వారం పోయాం. రెండు బండ్లు, నలుగురం. అమ్మ సర్వపిండి చేసి కొత్త స్టీలు డబ్బాలో పెట్టింది. పెట్రోలు 200. గోదావరి మడుగు దగ్గర చలికాలం పొద్దున బండల మీద ఎండ కాచుకుంటాయని ఊరివాళ్లు చెప్పారు. దూరం నుంచే చూడమన్నారు, నీళ్ల అంచుకు పోవద్దన్నారు. గంట కూర్చున్నాం. ఒక బండ కదిలింది. బండ కాదు. నెమ్మదిగా నీళ్లలోకి జారి, ముక్కు మాత్రం బయటపెట్టి ఆగింది. తమ్ముడు ఫొటో తీస్తే ఆ ఫొటోలో నీళ్లు తప్ప ఏం పడలేదు.

బాపు చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత చుట్టూ చూసి అడిగాడు.

"రాత్రి ఈడ ఉండనిస్తరా?"

"ఉండనియ్యరు బాపూ."

"మంచిదే," అన్నాడు సర్వపిండి తుంచుకుంటూ. "ఉండనిస్తే ఈ చీకటికి కూడా రేటు కడుదురు."